వేలానికి ముందు ఒక మాట: సర్కారు భూముల్లో అద్దె ఇళ్లు కట్టండి

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) కమిషనర్ గారికి, తెలంగాణ హౌసింగ్ బోర్డు వైస్ చైర్మన్ గారికి నమస్కారాలు.

హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కలా ప్రభుత్వం చేతిలో ఇంకా మిగిలిన భూమి ఉంది. దాన్నంతా వేలం వేయకుండా, అందులో కొంత భాగంలో సర్కారే అద్దె ఇళ్లు కట్టాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేనడిగేది ఉచితంగా పంచే ఇళ్ల గురించి కాదు, అమ్మకానికి కట్టే ఇళ్ల గురించి కూడా కాదు. నెలకి పదిహేను వేల నుంచి నలభై, యాభై వేల దాకా సంపాదించే కుటుంబం పనిచేసే చోటికి దగ్గర్లో, జీతానికి తగ్గ అద్దెకి, ఎప్పుడు ఖాళీ చేయమంటారో అన్న టెన్షన్ లేకుండా ఉండగలిగే ఇళ్లు కావాలి.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గృహరుణాల సెక్షన్‌లోనే గడిచింది. జీతం స్లిప్పులు చూసి, లెక్క వేసి, "మీకు ఇంతవరకే వస్తుందండీ" అని చెప్పడమే నా పని. ఆ మాట విన్నాక ఎదుటి కుర్చీలో ఉన్న భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. అఫర్డబుల్ హౌసింగ్ మీద సదస్సులు చాలానే జరుగుతున్నాయి కానీ, ఆ టేబుల్ దగ్గర వేసే లెక్క వాటిలో వినపడదు. అందుకని దాన్నే ముందు మీకు చెబుతాను.

భార్యాభర్తలిద్దరికీ కలిపి చేతికి యాభై వేలు వస్తాయనుకుందాం. ఈ నగరంలో అది తక్కువ ఆదాయమేమీ కాదు. ఒకరు ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, ఒకరు క్యాబ్ డ్రైవరు అయితే అంత రావచ్చు. ఈఎంఐ ఆదాయంలో సగానికి మించకూడదని పెట్టుకుంటే నెలకి ఇరవై ఐదు వేలు. 8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకి లక్ష రూపాయల అప్పు మీద ఈఎంఐ సుమారు 868 రూపాయలు. అంటే వాళ్లకి వచ్చే లోన్ 28 లక్షల 80 వేల దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు ఫ్లాటు సంగతి చూడండి. చదరపు అడుగు ఆరు వేలకే దొరికిందనుకున్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు 60 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం చొప్పున నాలుగున్నర లక్షలు. ఇది 2021 జూలై దాకా 6 శాతమే ఉండేది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటయితే జీఎస్టీ 5 శాతం, మరో మూడు లక్షలు. మొత్తం 67 లక్షల 50 వేలు. బ్యాంకు ఇచ్చేది పోగా 38 లక్షల 70 వేలు చేతిలో ఉండాలి. యాభై వేల జీతంలో అద్దె కట్టి, పిల్లల ఫీజులు కట్టి, ఇంటికి డబ్బులు పంపేవాళ్లు ఎన్నేళ్లు కూడబెడితే 38 లక్షలవుతాయి? పైగా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలిపి లోన్ ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. పది లక్షల లోపు ఇళ్లకి మాత్రం ఆ వెసులుబాటు ఉంది. పది లక్షలకి హైదరాబాద్‌లో ఇల్లెక్కడ వస్తుంది?

రాయితీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఇంటి ధర 45 లక్షలు, కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు దాటకపోతే జీఎస్టీ 1 శాతమే. కానీ ఆ 45 లక్షల గీత 2019 ఏప్రిల్‌లో గీసింది, ధరలు ఇంత పెరిగినా అది కదల్లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో విడతలో వడ్డీ రాయితీ గరిష్ఠంగా లక్షా 80 వేలు, అదీ ఇల్లు 35 లక్షలు దాటకపోతేనే. ఇందిరమ్మ ఇళ్లకి ఇచ్చే ఐదు లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకి ఉపయోగపడతాయి. పల్లెలో అది పెద్ద సాయం. నగరంలో జాగా కొనడమే కదా అసలు సమస్య.

ఇళ్లు ఎక్కువగా కడితే ధరలు వాటంతట అవే దిగుతాయని మరో మాట ఉంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ పరీక్ష హైదరాబాద్ ఎప్పుడో రాసింది. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే జాగా సైజును బట్టి ఎంత కట్టొచ్చన్న హద్దు, తీసేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదిలే ఖాళీ) సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. పడమటి వైపు నలభై, యాభై అంతస్తుల టవర్లు వరుసగా లేచాయి. వాటిలో ఎక్కువగా వస్తున్నవి మూడు, నాలుగు బెడ్‌రూములవి. కొత్త ఫ్లాట్ల సగటు సైజులో దేశంలోని పెద్ద నగరాల్లో మనదే ముందువరస అని రియల్ ఎస్టేట్ సంస్థల నివేదికలే చెబుతున్నాయి. భూమి అంత ధర పెట్టి కొన్న బిల్డరు చిన్న ఫ్లాట్లు కట్టడు. అతని లెక్కలో అతను తప్పు చేయడం లేదు. ఆ భూమికి అంత ధర ఎవరు పెట్టించారన్నదే నా ప్రశ్న.

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ 7.67 ఎకరాలను ఎకరం 177 కోట్ల చొప్పున అమ్మింది. ఎకరం వంద కోట్లయితే, అందులో ఐదు లక్షల చదరపు అడుగులు కట్టినా అడుగుకి భూమి ఖర్చే రెండు వేలు పడుతుంది. సిమెంటు, ఇనుము, కూలి, వడ్డీ, లాభం అన్నీ ఆ పైన. అక్కడితో ఆగదు. సర్కారు వేలంలో పలికిన ధరే మర్నాటి నుంచి చుట్టుపక్కల ప్రైవేటు భూములకి కొలబద్ద అవుతుంది. శంకర్‌పల్లి రోడ్డులో పొలం ఉన్నాయన కూడా కోకాపేట పేరు చెప్పి రేటు పెంచుతాడు. ధరలు అందుబాటులో ఉండేలా చూడాల్సిన ప్రభుత్వమే ధరకి కొత్త మెట్టు కడుతోంది. వేలంలో వచ్చిన డబ్బు రోజువారీ ఖర్చులకో, పాత అప్పులకో పోతే, అది విత్తనాల గింజలు వండుకు తినడమే అవుతుంది.

హౌసింగ్ బోర్డు వారికి ఇక్కడ విడిగా ఒక మాట చెప్పుకోవాలి. నేనుండేది కేపీహెచ్‌బీ కాలనీలో, అంటే కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీలో. మా మామగారు ఆర్టీసీలో చేసేవారు. ఆయనకి ఇక్కడ ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయ వర్గం) ఇల్లు అలాటైంది, వాయిదాల్లో డబ్బు కట్టారు. ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, బీహెచ్‌ఈఎల్ లాంటి చోట్ల పనిచేసినవాళ్లు మా లైనులో చాలామంది ఉండేవారు. మామూలు జీతగాళ్లు. ఈరోజుకీ ఇక్కడ ఇంటి నంబర్ల ముందు ఈడబ్ల్యూఎస్, ఎల్‌ఐజీ, ఎంఐజీ అని రాసి ఉంటుంది. పేద, తక్కువ, మధ్య ఆదాయాల వాళ్ల కోసం కట్టిన ఇళ్లని ఆ అక్షరాలే చెబుతాయి. అదే కాలనీలో 2025లో బోర్డు 7.8 ఎకరాలను ఎకరం 70 కోట్ల చొప్పున ఒక పెద్ద ప్రైవేటు సంస్థకి అమ్మింది. ఆ స్థలంలో మా మామగారి లాంటి ఉద్యోగికి ఇక ఎప్పటికీ ఇల్లు రాదు. బోర్డును పెట్టింది ఎవరి కోసమో ఆ పని ఆగిపోయి, మిగిలిన ముక్కలు అమ్మడమే దాని పని అయిపోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ నగరానికి ఇంతకంటే పాత అనుభవం కూడా ఉంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తొలగించిన చోట ఇళ్లు కట్టించింది. సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు నగరంలో ఇప్పటికీ వినిపిస్తుంది. నూరేళ్ల క్రితం చేతనైన పని ఇప్పుడు ఎందుకు కాదు?

పేదలకి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. ఆ పథకాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. 2015లో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో బస్తీ ఉన్న చోటే కొత్త ఇళ్లు కట్టి, ఆ మనుషులకే ఇచ్చారు. అది మంచి పని. పనులూ బళ్లూ చుట్టాలూ అక్కడే ఉన్నాయి కాబట్టి ఎవరూ చెదిరిపోలేదు. ఆ తర్వాత కట్టిన పెద్ద కాలనీ కొల్లూరు. 145 ఎకరాల్లో 15,660 ఇళ్లు, ఖర్చు సుమారు 1,490 కోట్లు, 2023 జూన్‌లో ప్రారంభం. కట్టడం బాగుంది. కానీ అవుటర్ రింగ్ రోడ్డు అంచున ఉంది. పాతబస్తీ వాళ్లకి, సికింద్రాబాద్ వాళ్లకి లాటరీలో అక్కడ ఇల్లొచ్చింది.

మా ఇంట్లో వంట చేసే ఆమె సంగతి చెబుతాను. బోరబండలో అద్దెకుండేది. కొల్లూరులో ఇల్లొచ్చిందని స్వీట్లు పంచింది. తీరా వెళ్లాక పొద్దున్నే ఆరింటికి పని ఇళ్లకి చేరడానికి బస్సు దొరకదు, ఆటోకి పెడితే జీతం మిగలదు. పిల్లల బడి బోరబండలో. చివరికి ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ బోరబండలో ఒక గది అద్దెకి తీసుకుంది. ఇప్పుడు తాళం వేసిన ఇళ్లు రద్దు చేస్తారేమోనని ఆమెకి రోజూ దిగులే. సొంత ఇల్లుండి అద్దె కడుతోంది. ఇల్లు ఎంత బాగుందన్న దాని కంటే పనికి ఎంత దూరంలో ఉందన్నదే ఆ కుటుంబానికి ముఖ్యమైంది. ఒకసారి రాసిచ్చిన ఇంటిని మార్చుకునే వీలూ, అమ్ముకునే వీలూ ఆమెకి లేవు. అద్దె ఇల్లయి ఉంటే కొల్లూరుది వదిలి, ఎర్రగడ్డలోనో మూసాపేటలోనో ఖాళీ అయిన దానికి దరఖాస్తు పెట్టుకునేది.

పనికి దగ్గర్లో సరైన అద్దె ఇల్లు లేకపోతే ఏమవుతుందో సిద్దిఖ్‌నగర్‌కి వెళ్లి చూడండి. గచ్చిబౌలి అద్దాల మేడల పక్కనే ఉంటుంది. యాభై, అరవై గజాల జాగాల్లో నాలుగు, ఐదు అంతస్తులు. ఆ మేడల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, డెలివరీ కుర్రాళ్లు అక్కడ ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు సర్దుకుంటారు. 2024 నవంబరులో పక్క జాగాలో పునాది తవ్వుతుంటే అక్కడి ఒక భవనం పక్కకి ఒరిగిపోయింది. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తారు. తర్వాత దాన్ని కూల్చేశారు. చెరువు బఫర్ జోన్లలో, మూసీ ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవాళ్ల కథా ఇలాంటిదే. నిబంధనల ప్రకారం ఉన్న చోట ఉండే స్తోమత లేక అక్కడికి వెళ్లారు. కూల్చివేతలకి నోటీసు ఇచ్చే ముందే వాళ్లకి అద్దెకు ఇవ్వడానికి నగరం లోపల ఇళ్లుంటే, సగం గొడవలు అసలు రావు.

అద్దె మార్కెట్లో డబ్బు ఒక్కటే అడ్డు కాదు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పే ముందే "మీరేమిట్లు?" అని అడుగుతారు. దళితులని తెలిస్తే, ముస్లింలని తెలిస్తే, ఒంటరి ఆడమనిషని తెలిస్తే ఇల్లు అప్పటికప్పుడే "వేరేవాళ్లకి ఇచ్చేశాం" అయిపోతుంది. మంచి జీతాలున్న పిల్లలు కూడా ఈ అవమానం పడుతున్నారు. ఇంటి యజమానులందరూ అలాంటివాళ్లని నేననను. మా కాలనీలో పై అంతస్తు అద్దె మీదే బతికే వృద్ధులు చాలామంది, వాళ్లలో మంచివాళ్లకి కొదవ లేదు. కానీ కులం అడగని ఇంటి యజమాని నగరంలో ఒకరైనా ఉండాలి, ఆ ఒక్కరు ప్రభుత్వమే కావాలి.

ఇక డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న. ఇది నాకు తెలిసిన పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాయదుర్గంలో ఆ 7.67 ఎకరాలకి వచ్చింది సుమారు 1,357 కోట్లు. కొల్లూరులో పదిహేను వేల పైచిలుకు ఇళ్లు కట్టడానికైన ఖర్చులో అది తొంభై శాతం. వేలాలు పూర్తిగా మానేయమని నేను అడగడం లేదు. వచ్చిన ప్రతి రూపాయిలో ఐదో వంతు అద్దె ఇళ్లకని విడి ఖాతాలో వేయండి, దాన్ని వేరే దేనికీ వాడకూడదని చట్టంలో రాయండి. ఒక్క రాయదుర్గం అమ్మకం మీదే 271 కోట్లు వచ్చేవి.

ఒక చిన్న ఫ్లాటు కట్టడానికి ఇప్పుడు 15 లక్షలు అవుతుందనుకుందాం. భూమి సర్కారుదే, ఖర్చులో కలపక్కర్లేదు, అమ్మడమూ లేదు. ఆరు లక్షలు ఈ ఖాతా నుంచి, తొమ్మిది లక్షలు ముప్పై ఏళ్ల అప్పుగా తెస్తే, 7.5 శాతం వడ్డీకి నెల కిస్తీ సుమారు 6,300. మరమ్మతులు, లిఫ్టు, నీళ్లు, వాచ్‌మన్ కోసం 1,200 కలపండి. 7,500 అయింది. నెలకి పాతిక వేలు సంపాదించే కుటుంబానికి అది సరిగ్గా ఆదాయంలో 30 శాతం. పదిహేను వేలు వచ్చేవాళ్ల దగ్గర నాలుగున్నర వేలే తీసుకుని, నలభై వేలు వచ్చేవాళ్ల దగ్గర పన్నెండు వేలు తీసుకుంటే లెక్క సరిపోతుంది. అందుకే ఈ కాలనీల్లో అన్ని ఆదాయాల వాళ్లూ కలిసి ఉండాలి. అట్టడుగు ఆదాయం వాళ్లనే ఒక్కచోట కుదిస్తే అద్దెలూ వసూలు కావు, ఆ కాలనీకి చెడ్డపేరూ వస్తుంది. వియన్నాలో 1920ల నుంచి నగరపాలక సంస్థే ఇళ్లు కట్టి అద్దెకిస్తోంది. ఇవాళ దాని చేతిలో రెండు లక్షల పైన ఫ్లాట్లున్నాయి, వాటిలో మధ్యతరగతి వాళ్లు కూడా ఉంటారు. వాటిని అమ్ముకోలేదు కాబట్టే అక్కడ ప్రైవేటు అద్దెలకీ కొంత పగ్గం ఉంది.

నిర్వహణ గురించి భయం నాకూ ఉంది. సర్కారు కట్టిన బ్లాకుల్లో లిఫ్టు పాడై నెలలు గడవడం, డ్రైనేజీ పొంగడం చూడనిది కాదు. దానికి కారణం మెయింటెనెన్స్ డబ్బు ఎవరి బాధ్యతో తేల్చకపోవడమే. అద్దె ఇల్లయితే యజమాని ఒక్కరే, బాధ్యతా ఒక్కరిదే. కింది అంతస్తులో షాపులు కట్టి, వాటి అద్దెను ఆ కాలనీ మరమ్మతులకే ఖర్చు పెట్టాలి. అలాట్‌మెంట్ ఎమ్మెల్యే జాబితాతో కాకుండా, దరఖాస్తు తేదీ ప్రకారం, అందరికీ కనిపించే వెయిటింగ్ లిస్టుతో జరగాలి. ఇది తప్పిందంటే మిగతాదంతా వ్యర్థం.

స్థలాలు ఎక్కడ అంటే, 2025 నవంబరులో ప్రభుత్వమే దారి తెరిచింది. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, ఉప్పల్, కాటేదాన్ లాంటి పారిశ్రామిక వాడల్లో సుమారు 9,300 ఎకరాలను, రుసుము కట్టించుకుని, ఇళ్లకీ ఆఫీసులకీ మార్చుకోనిచ్చే విధానం ప్రకటించారు. ఒకప్పుడు పరిశ్రమల కోసమని ప్రజల భూమిని తక్కువ ధరకి ఇచ్చిన చోట్లు అవి. ఇప్పుడు భూమి వాడకం మారుస్తున్నందుకు బదులుగా, కట్టే నివాస స్థలంలో ఐదో వంతును అద్దె ఇళ్లుగా ప్రభుత్వానికి అప్పగించాలని షరతు పెట్టండి. అదే భవనంలో, అదే గేటు లోపల. డబ్బు కట్టి తప్పించుకునే వీలు ఇవ్వొద్దు. ఆ వాడల్లో పనిచేసిన కార్మికులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల బస్తీల్లోనే ఉన్నారు. మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లకి దగ్గరగా ఇంత భూమి ఒక్కసారిగా చేతికి వచ్చే అవకాశం మళ్లీ రాదు.

కొత్తవి కట్టే లోపు, ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన డబుల్ బెడ్‌రూం ఇళ్లను దగ్గర్లో పనిచేసే వలస కార్మికులకి అద్దెకివ్వండి. ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లను అద్దె ఇళ్లుగా మార్చే కేంద్ర పథకం 2020 నుంచి ఉంది, చండీగఢ్, సూరత్ నగరాలు ఆ పని చేశాయి కూడా. కొల్లూరుకి తెల్లవారుజామున బస్సులు వేయడానికైతే ఏ పథకమూ అక్కర్లేదు.

హెచ్‌ఎండీఏ పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. ఆ ప్రాంతానికి కొత్త మాస్టర్ ప్లాను తయారయ్యేటప్పుడు రోడ్లు గీసినట్టే అద్దె ఇళ్లకి స్థలాలను కూడా మ్యాపు మీద గీయాలి. ఆ పని ఇప్పుడు కాకపోతే భూములు చేతులు మారిపోతాయి, అప్పుడు మళ్లీ వెనక్కి కొనాలి.

కాబట్టి వచ్చే వేలం నోటిఫికేషన్ ఇచ్చే ముందు దయచేసి మీ మూడు కార్యాలయాలూ కూర్చుని, ఔటర్ లోపల ప్రభుత్వం చేతిలో, హౌసింగ్ బోర్డు చేతిలో ఎక్కడెక్కడ ఎంత భూమి మిగిలి ఉందో సర్వే నంబర్లతో సహా జనం ముందు పెట్టండి. వాటిలో వేటిని అమ్మరో చెప్పండి. మొదటి వెయ్యి అద్దె ఇళ్లు ఎక్కడ కడతారో చెప్పండి. పైన నేను వేసిన లెక్కల్లో తేడా ఉందనిపిస్తే పిలవండి, కాగితాలు పట్టుకుని వస్తాను. గృహరుణాల్లో ఏళ్ల తరబడి పనిచేసి ఖాళీగా ఉన్న రిటైర్డ్ ఉద్యోగులు ఈ నగరంలో నాలాగే ఇంకా ఉన్నారు. ఈ పనికి మేం జీతం అడగం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్